వ్యాసానికయ్యే ఖర్చు వేరు, వ్యాసానికి పడే రేటు వేరు

(పరిశోధక విద్యార్థుల కోసం జరిగిన సదస్సులో ఒక యూనివర్సిటీ లైబ్రేరియన్ చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. భోజనానికి ముందు సెషన్ నాకిచ్చారు. కాబట్టి సిద్ధాంతాలు పక్కనపెట్టి నేరుగా డబ్బుల సంగతికి వచ్చేస్తాను. పరిశోధన పద్ధతుల మీద, స్టాటిస్టిక్స్ మీద, ప్లేజియరిజం మీద పొద్దుటి నుంచి మీకు చెబుతూనే ఉన్నారు. రాసిన పేపర్ అచ్చవడానికి ఎంతవుతుంది, ఆ డబ్బు ఎవరు ఎవరికి కడుతున్నారు అన్నది మాత్రం మన కోర్స్‌వర్క్‌లో ఎక్కడా లేదు. గైడ్లు చెప్పరు. చాలామంది గైడ్లకి తెలియదు కూడా. ముందు వరసలో కూర్చున్న పెద్దలు నన్ను క్షమించాలి. (నవ్వులు)

పేపర్‌కి ఎంతయింది అని ఈ హాల్లో అడిగితే ఒకరు పైసా కాలేదంటారు. ఇంకొకరు లక్షా డెబ్భై వేలు కట్టామంటారు. అదే ప్రశ్న మా లైబ్రరీలో అడిగితే ఏడాది బడ్జెట్ కాగితం తీసి చూపిస్తాం. మూడూ నిజమే. పైసా కాలేదన్నవాళ్ల పేపర్‌ని చదవడానికి లైబ్రరీ చందా కట్టింది. లక్షా డెబ్భై వేలు కట్టినవాళ్ల పేపర్‌ని లోకమంతా ఉచితంగా చదువుతోంది. డబ్బు రెండు చోట్లా కదిలింది. ఒకచోట అది రచయితకి కనబడలేదు, అంతే.

అసలు ఒక వ్యాసం మీద ఏమేం పనులు జరుగుతాయో చూద్దాం. మీరు పంపిన ఫైల్‌ని ముందు ఒక సాఫ్ట్‌వేర్ తీసుకుంటుంది. దానికి అద్దె ఉంటుంది. తర్వాత ఎడిటర్ చూస్తారు. నేచర్ లాంటి కొన్ని పత్రికల్లో జీతానికి పనిచేసే ఎడిటర్లు ఉంటారు. మిగతాచోట్ల ఎడిటర్ అంటే ఎక్కడో ఒక యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునే ప్రొఫెసరే. ఆయనకి ఏడాదికి కొంత గౌరవ వేతనం రావచ్చు, రాకపోవచ్చు. ఆయన దాన్ని ఇద్దరు ముగ్గురు రివ్యూయర్లకి, అంటే పేపర్ బాగుందో లేదో చూసి చెప్పే అదే రంగం పరిశోధకులకి, పంపుతారు. వాళ్లకి ఏమీ రాదు. 2020 ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద రివ్యూయర్లు ఈ పనికి పెట్టిన సమయం 10 కోట్ల గంటలు దాటుతుందని 2021లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆ గంటలకి జీతం ఎవరిచ్చారు? వాళ్ల యూనివర్సిటీలు. అంటే చాలావరకు ప్రభుత్వాలు. అంటే పన్ను కట్టేవాళ్లు.

పేపర్ అంగీకరించాక భాష దిద్దడం, పేజీలు కట్టడం, ఎక్స్ఎంఎల్ ఫైల్ తయారు చేయడం. ఆమ్‌స్టర్‌డామ్, లండన్, న్యూయార్క్ అని అట్టమీద రాసుకునే జర్నల్స్‌లో ఎన్నింటికో ఈ పని చెన్నైలోనో పుదుచ్చేరిలోనో జరుగుతుంది. మీకు ప్రూఫులు పంపిన మెయిల్ కింద పేరు చూడండి, మన పక్కవీధి మనిషి పేరులా ఉంటుంది. అక్కడ పేజీకి ఇంత అని లెక్క. పెద్ద మొత్తాలేమీ కావు. ఆ తర్వాత డీఓఐ నంబర్, అంటే వ్యాసం ఎక్కడున్నా గుర్తుపట్టడానికి ఇచ్చే శాశ్వత నంబర్. క్రాస్‌రెఫ్ అనే సంస్థ కొత్త వ్యాసానికి డీఓఐ ఇచ్చినందుకు ప్రచురణకర్త దగ్గర తీసుకునేది ఒక డాలర్. ఇక సర్వర్, బ్యాకప్, ఫలానా కంపెనీ మూతబడినా వ్యాసం పోకుండా భద్రపరిచే ఏర్పాటు.

ఇక్కడ ప్రచురణకర్తల వైపు వాదన ఒకటుంది. అది న్యాయమైనదే కాబట్టి నేనే చెబుతాను. వంద పేపర్లు వస్తే పదే తీసుకునే పత్రిక, తొంభై పేపర్లని చదివి తిప్పి పంపిన ఖర్చు కూడా ఆ పది మీదే వేసుకోవాలి. అందుకే పేరున్న పత్రికకి వ్యాసానికయ్యే ఖర్చు ఎక్కువ. సరే, ఎంత ఎక్కువ? జర్మనీలో పనిచేసే అలెగ్జాండర్ గ్రాస్‌మన్, బ్యోర్న్ బ్రెంబ్స్ 2021లో ఈ లెక్క వేశారు. గ్రాస్‌మన్ ప్రచురణ కంపెనీల్లో పనిచేసి వచ్చిన మనిషి, లోపలి రేట్లు తెలిసినవాడు. పైన చెప్పిన పనులు ఒక్కొక్కటీ బయట మార్కెట్‌లో ఎంతకి దొరుకుతాయో కూడి చూశారు. పెద్ద ఎత్తున నడిచే వేదికల్లో వ్యాసానికి 200 డాలర్ల లోపు. నూటికి తొంభైకి పైగా తిప్పి పంపే పెద్ద పేరున్న పత్రికలో కూడా సుమారు 1,000 డాలర్లు. మన రూపాయల్లో పదిహేడు వేల నుంచి ఎనభై అయిదు వేలు అనుకోండి.

ఇంకా తక్కువలోనూ చేసి చూపించారు. తిమోతి గవర్స్ అని ఫీల్డ్స్ మెడల్ వచ్చిన గణిత శాస్త్రవేత్త ఉన్నారు. 2012లో ఎల్సెవియర్ అనే పెద్ద ప్రచురణ కంపెనీ పత్రికలకి రాయను, రివ్యూ చేయను అని బహిరంగంగా చెప్పి పెద్ద బహిష్కరణకి దారితీసింది ఈయనే. 2016లో ఆయన మిత్రులతో కలిసి డిస్క్రీట్ అనాలిసిస్ అనే జర్నల్ మొదలుపెట్టారు. పేపర్లు ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. జర్నల్ చేసేది రివ్యూ నడిపించి, అంగీకరించిన వాటికి లింక్ ఇవ్వడం. వాళ్లకి అప్పట్లో పేపర్ ఒక్కింటికి అయిన ఖర్చు పది డాలర్లు. అది కూడా రివ్యూ నడిపే సాఫ్ట్‌వేర్ కంపెనీకి. రచయిత కట్టేది సున్నా. అయితే గణితంవాళ్ల సంగతి వేరు, వాళ్లు పేజీలు తామే లేటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కట్టుకుంటారు. ఎంఆర్ఐ బొమ్మలు, సప్లిమెంటరీ ఫైళ్లు, క్లినికల్ డేటా ఉన్న పేపర్‌కి పది డాలర్లు చాలవు. నేను కూడా అలా అనడం లేదు.

ఖర్చు సంగతి అది. ఇప్పుడు రేటు సంగతి. నేచర్ పత్రిక 2021 జనవరి నుంచి ఓపెన్ యాక్సెస్ కావాలంటే, అంటే వ్యాసాన్ని ఎవరైనా ఉచితంగా చదివేలా ఉంచాలంటే, రచయిత 9,500 యూరోలు కట్టాలంది. అప్పటి లెక్కలో ఎనిమిది లక్షల రూపాయల పైన. ఇప్పుడది 12,000 డాలర్లు దాటింది, అంటే పది లక్షల పైమాటే. మీలో జేఆర్ఎఫ్ ఫెలోషిప్ తీసుకుంటున్నవాళ్లకి నెలకి 37,000 రూపాయలు. రెండేళ్లపాటు తిండీ తిప్పలూ మానేసి దాచినా ఆ ఒక్క బిల్లు తీరదు. నేచర్‌లో మాకెవరు వేస్తారులెండి అంటారేమో. వద్దు, మామూలు మంచి జర్నల్స్ చూడండి. రెండు వేల డాలర్లు, మూడు వేల డాలర్లు సాధారణం అయిపోయింది. పైగా విదేశీ సేవ కింద 18 శాతం జీఎస్టీ. ఆ జీఎస్టీ సంగతి నిధుల అప్లికేషన్‌లో అడగకపోవడం, ఇన్‌వాయిస్ వచ్చాక ఆడిట్ సెక్షన్ చుట్టూ తిరగడం మా దగ్గర ప్రతి ఏడాదీ చూస్తున్నదే.

ఖర్చుకీ రేటుకీ మధ్య ఉన్న ఈ ఖాళీ ఎంతో తెలియాలంటే న్యూరోఇమేజ్ అనే పత్రిక కథ వినాలి. మెదడు స్కానింగ్ పరిశోధనలో దానికి చాలా పేరు. ఎల్సెవియర్ వాళ్లది. అప్పట్లో వ్యాసానికి 3,450 డాలర్లు. ఎడిటర్లు కంపెనీని అడిగారు, ఇది మరీ ఎక్కువ, రెండు వేల లోపుకి తగ్గించండి అని. కంపెనీ కుదరదంది. 2023 ఏప్రిల్‌లో నలభై మందికి పైగా ఎడిటర్లు, అంటే బోర్డ్ మొత్తం, రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. ఎంఐటీ ప్రెస్‌తో కలిసి ఇమేజింగ్ న్యూరోసైన్స్ అని కొత్త పత్రిక పెట్టారు. అక్కడ మొదట పెట్టిన ఫీజు 1,600 డాలర్లు. అవే కళ్లు, అదే రివ్యూ, అదే స్థాయి. సగం కన్నా తక్కువ.

మరి మిగతా సగం దేనికి కట్టాం? పేరుకి. న్యూరోఇమేజ్ అన్న పేరుకి. ఆ పేరు ఎడిటర్లది కాదు, కంపెనీది. ఎడిటర్లు బయటికి వెళ్తూ తమతో తీసుకెళ్లలేకపోయింది అదొక్కటే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. మనం కడుతున్న దాంట్లో పని ఖరీదు కొంత, పేరు ఖరీదు చాలా. పేరుకి అంత గిరాకీ తెచ్చింది కంపెనీ ఒక్కటే కాదు. సెలక్షన్ కమిటీల్లో కూర్చుని పేపర్ చదవకుండా జర్నల్ పేరు మాత్రం చదివే మనవాళ్లు కూడా. (చప్పట్లు) చప్పట్లు కొట్టేవాళ్లు రేపు ఆ కుర్చీల్లో కూర్చుంటారు, గుర్తుపెట్టుకుంటాను.

ఈ వ్యాపారం ఎప్పటి నుంచీ ఇలా లేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే సైన్స్ ప్రచురణ అంటేనే లాభసాటి వ్యాపారం అన్నట్టు మీకు కనిపిస్తుంది. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ మొదలుపెట్టింది తన సొంత డబ్బుతో. నాలుగు రాళ్లు వస్తాయని ఆయన ఆశ. పెద్దగా రాలేదు. 1752లో రాయల్ సొసైటీ దాని ఆర్థిక భారం తనమీద వేసుకుంది. ఆ తర్వాత తరతరాలుగా శాస్త్ర సంఘాలు పత్రికలని నష్టానికే నడిపాయి. సభ్యుల చందాలతో, దాతల డబ్బుతో. పత్రికని పంచిపెట్టడం సంఘం చేయాల్సిన పని, దాంట్లో లాభం చూసుకోవాలన్న ఆలోచన లేదు.

మన దగ్గరా అంతే. పిఠాపురం రాజావారి అండ లేకపోతే ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని పత్రిక ఏమయ్యేవో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో భారతి పెట్టారు. శాసనాల మీద, ఛందస్సు మీద, చరిత్ర మీద తెలుగులో వచ్చిన గొప్ప పరిశోధన వ్యాసాలు ఎన్నో అందులో వచ్చినవే. దాని వెనక ఉన్న డబ్బు ఎక్కడిది? అమృతాంజనం సీసాలది. తలనొప్పి వచ్చిన ప్రతివాళ్లూ తెలుగు పరిశోధనకి చందా కట్టారన్నమాట. ఇవాళ ఆ పరిశోధన ప్రచురణే మనకి తలనొప్పి తెస్తోంది. (నవ్వులు)

మారింది రెండో ప్రపంచయుద్ధం తర్వాత. ప్రభుత్వాలు సైన్స్ మీద డబ్బు కుమ్మరించాయి. పేపర్లు పెరిగాయి. శాస్త్ర సంఘాలు ఆ వేగాన్ని అందుకోలేకపోయాయి. ఆ సందులోకి రాబర్ట్ మాక్స్‌వెల్ వచ్చాడు. పెర్గమాన్ ప్రెస్ పేరుతో ప్రతి చిన్న ఉపశాఖకీ ఒక ఇంటర్నేషనల్ జర్నల్ పెట్టాడు. శాస్త్రవేత్తలకి విందులిచ్చి ఎడిటర్లుగా కూర్చోబెట్టాడు. ఆయన పట్టుకున్న కిటుకు చిన్నదే. బియ్యం ధర పెరిగితే వేరే రకం కొంటాం. ఒక జర్నల్ ధర పెరిగితే దాని బదులు ఇంకోటి తెప్పించలేం, ఎందుకంటే ఇందులో ఉన్న వ్యాసం అందులో ఉండదు. లైబ్రరీ రెండూ కొనాల్సిందే. 1991లో పెర్గమాన్‌ని ఎల్సెవియర్‌కి అమ్మేశాడు, 44 కోట్ల పౌండ్లకి. ఇవాళ ఎల్సెవియర్‌కి మాతృసంస్థ రెలెక్స్. ఆ సంస్థ 2023 లెక్కల్లో సైన్స్, వైద్య ప్రచురణ విభాగం రాబడి సుమారు 306 కోట్ల పౌండ్లు. దానిమీద ఆపరేటింగ్ లాభం 116 కోట్ల పౌండ్ల పైన. నూటికి ముప్ఫై ఎనిమిది. ముడిసరుకు ఉచితం, నాణ్యత పరీక్ష ఉచితం, కొనేవాడికి వేరే దారి లేదు. ఆ మాత్రం లాభం రాకపోతేనే ఆశ్చర్యం. పాలు మనవే, తోడు మనదే, కాపలా కాసిందీ మనమే, పెరుగు మాత్రం వాళ్ల దగ్గర కొనుక్కోవాలి.

ఇంటర్నెట్ వచ్చాక ఇది పోతుందని అందరూ అనుకున్నారు. 1991లోనే పాల్ గిన్స్‌పార్గ్ ఆర్కైవ్ మొదలుపెట్టి ఫిజిక్స్ పేపర్లు ఉచితంగా పెట్టేశారు. 2002లో బుడాపెస్ట్ ప్రకటన వచ్చింది, పరిశోధన అందరికీ అందుబాటులో ఉండాలని. మంచి ఆశయం. చదివేవాడు కట్టకపోతే ఎవరు కట్టాలి అన్న ప్రశ్నకి ఒక జవాబుగా రచయిత కట్టాలి అన్న పద్ధతి బలపడింది. బయోమెడ్ సెంట్రల్, 2003లో ప్లాస్ బయాలజీ ఆ దారిలో వచ్చాయి. ప్లాస్ అప్పట్లో తీసుకున్నది 1,500 డాలర్లు. ఉద్దేశం మంచిదే, అక్కడి ఫండింగ్ ఏజెన్సీలు ఆ డబ్బు ఇచ్చేవి. ఇక్కడ మన ప్రాజెక్టుల్లో ఆ పద్దే ఉండేది కాదు.

ఇందులో ఇంకో తేడా ఉంది, అది మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. చందా పద్ధతిలో పత్రిక చెత్త వేస్తే లైబ్రరీ మానేస్తుంది. రచయిత కట్టే పద్ధతిలో వేసిన ప్రతి పేపర్‌కీ డబ్బు వస్తుంది, తిప్పి పంపిన ప్రతి పేపర్‌కీ డబ్బు పోతుంది. గేటు దగ్గర నిలబడ్డవాడికి లోపలికి పంపితేనే కూలి అంటే ఏమవుతుంది? వైలీ కంపెనీ 2021లో హిందావి అనే ఓపెన్ యాక్సెస్ సంస్థని దాదాపు 30 కోట్ల డాలర్లకి కొన్నది. స్పెషల్ ఇష్యూల్లోకి పేపర్ మిల్లుల సరుకు, అంటే డబ్బుకి నకిలీ పేపర్లు రాసి అమ్మేవాళ్ల సరుకు, వరదలా వచ్చిపడింది. 2023 ఒక్క ఏడాదిలో హిందావి పత్రికల్లో 8,000కి పైగా పేపర్లు ఉపసంహరించారు. చివరికి హిందావి అన్న పేరే ఎత్తేస్తున్నామని వైలీ చెప్పాల్సి వచ్చింది. ఆ ఎనిమిది వేల మందీ ఫీజు కట్టినవాళ్లే కదా. అందులో నిజాయితీగా పనిచేసినవాళ్లు కూడా ఉండి ఉంటారు.

మన ఊరి సంగతి కూడా చెప్పాలి, దాచుకుంటే పోయేది కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019 మార్చిలో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకి పైగా కట్టాలని తీర్పిచ్చింది. రివ్యూ జరుగుతుందని చెప్పి సరిగా జరపకపోవడం, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు ఎడిటర్లుగా వేసుకోవడం, పేపర్ అంగీకరించాక గానీ ఫీజు సంగతి చెప్పకపోవడం, వెనక్కి తీసుకుంటామన్నా ఇవ్వకపోవడం. కేసులో ఉన్నవి ఇవే. విదేశాల్లో కాన్ఫరెన్స్‌కి వెళ్లి హైదరాబాద్ అని చెబితే ఎవరో ఒకరు ఈ పేరెత్తడం నేను విన్నాను. ఒళ్లు మండుతుంది. కానీ అలాంటి దుకాణాలకి గిరాకీ పెంచినవాళ్లలో మనమూ ఉన్నాం. థీసిస్ ఇవ్వాలంటే పేపర్ ఉండాలని యూజీసీ 2009లో, మళ్లీ 2016లో రూల్ పెట్టింది. ప్రమోషన్‌కి పాయింట్లు పెట్టింది. పరిశోధన సౌకర్యమే లేని కాలేజీ లెక్చరర్‌కి కూడా పేపర్ కావాలంది. అవసరం పుట్టాక అమ్మేవాడు పుట్టకుండా ఉంటాడా? ఆ తర్వాత యూజీసీయే తన లిస్ట్ లోంచి 2018 మే నెలలో 4,305 జర్నల్స్ తీసేసింది. 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్నది తొలగించింది. చాలా యూనివర్సిటీలు మాత్రం ఇంకా వదల్లేదు. మన యూనివర్సిటీ సంగతి డీన్ గారిని అడగండి, నన్నడగొద్దు.

ఇక ఇప్పటి బిల్లు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ గురించి వినే ఉంటారు, దేశంలోని సంస్థలన్నిటి తరఫునా కేంద్రమే జర్నల్స్‌కి చందా కట్టే పథకం. 2024 నవంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. మూడేళ్లకి 6,000 కోట్లు. 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నల్స్, 6,300 సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు. భాగించి చూస్తే మనిషికి ఏడాదికి పదకొండు వందల రూపాయలు. దీన్ని తిట్టేవాళ్లున్నారు, నేను తిట్టను. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఇవాళ ఐఐటీ ప్రొఫెసర్ చదివే జర్నలే చదవగలుగుతున్నారు. ఇంతకుముందు ఆ కాలేజీకి ఒక్క జర్నల్ తెప్పించుకునే స్తోమత లేదు. నా సర్వీసంతా ఏ జర్నల్ మానేద్దాం అన్న మీటింగ్‌లలో గడిచింది, ఆ మీటింగ్‌లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. కానీ మొదటి దశలో ప్రభుత్వ సంస్థలకే. మన రెండు రాష్ట్రాల్లో వందల కొద్దీ ఉన్న ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు బయటే ఉండిపోయారు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఇది ప్రధానంగా చదవడానికి కట్టిన డబ్బు. జర్మనీ వాళ్లు వైలీతో, స్ప్రింగర్ నేచర్‌తో చేసుకున్న ఒప్పందాల్లో చదవడం, ప్రచురించడం రెండూ కలిపేశారు. మొదటి ఒప్పందాల్లో వ్యాసానికి 2,750 యూరోలు సంస్థల తరఫున కట్టారు, రచయిత జేబులోకి చేయి పెట్టక్కర్లేదు. మన పథకంలో ప్రచురణ ఫీజుల కోసం ఏడాదికి 150 కోట్లు విడిగా పెట్టారు. వ్యాసానికి రెండు లక్షలు వేసుకుంటే 7,500 వ్యాసాలకి సరిపోతుంది. మన దేశం నుంచి ఏటా వచ్చే పేపర్లు రెండు లక్షల పైచిలుకు. మిగతావాళ్లు ఏం చేయాలి? అదీగాక అందరికీ రెండు లక్షలు ఇవ్వగలిగినా ఇవ్వాలా అన్నది నా ప్రశ్న. డెబ్భై ఎనభై వేలలో అయ్యే పనికి రెండు లక్షలు ఎందుకివ్వాలి?

ఆ డబ్బులో కొంత మన పత్రికలకే పెడితే అన్నది నా అభిప్రాయం. బెంగళూరులో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఉంది. 1934లో సి.వి. రామన్ స్థాపించినది. ప్రమాణ అనే ఫిజిక్స్ పత్రిక లాంటి వాళ్ల పత్రికల్లో రాయడానికి రచయిత ఫీజు కట్టక్కర్లేదు, వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. బ్రెజిల్ వాళ్లు 1990ల చివరి నుంచే సైయెలో అని ప్రభుత్వ డబ్బుతో వేదిక నడుపుతున్నారు, లాటిన్ అమెరికా దేశాలు చాలా అందులో ఉన్నాయి. అందులో ఎన్నో పత్రికల్లో చదివేవాడూ కట్టడు, రాసేవాడూ కట్టడు. దీన్ని డైమండ్ పద్ధతి అంటున్నారు. ప్రపంచంలో ఇలాంటివి 17,000 నుంచి 29,000 దాకా ఉంటాయని 2021 నాటి అధ్యయనం చెబుతోంది. చాలావరకు చిన్నవి. ఒకరిద్దరు ప్రొఫెసర్లు రాత్రిళ్లు కూర్చుని నడిపేవి. ఆ ప్రొఫెసర్ రిటైరయితే పత్రికా రిటైరవుతుంది. డైమండ్ అని పేరు పెట్టారు గానీ జీతం మాత్రం మట్టి. అలాంటి పత్రికకి ఒక పూర్తికాలపు ఉద్యోగిని, ఒక సర్వర్‌ని పదేళ్లకి హామీ ఇస్తే చాలు, నిలబడుతుంది. 150 కోట్లలో అది చాలా చిన్న ముక్క.

విధానాలు మారేదాకా మీరు ఆగలేరు, మీకు ఫెలోషిప్ గడువులున్నాయి. కాబట్టి రేపు ఉదయం పనికొచ్చే సంగతి చెబుతాను. మామూలు చందా జర్నల్‌లో పేపర్ వేయడానికి సాధారణంగా ఫీజు లేదు. అంగీకరించాక ఒక పేజీ వస్తుంది, ఓపెన్ యాక్సెస్ కావాలా, చందా పద్ధతిలో ఉంచాలా అని. ఓపెన్ యాక్సెస్ అన్నది పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రెండోది కింద ఉంటుంది. పిల్లలు టెన్షన్‌లో మొదటిది నొక్కేసి, మూడు వేల డాలర్ల ఇన్‌వాయిస్ పట్టుకుని నా దగ్గరకి పరుగెత్తుకొస్తారు. నొక్కేముందు చదవండి. చందా పద్ధతి ఎంచుకుని, మీ అంగీకరించిన ప్రతిని, అంటే రివ్యూ అయ్యాక మీరు పంపిన చివరి వర్డ్ ఫైల్‌ని, మన యూనివర్సిటీ ఆన్‌లైన్ రిపాజిటరీలో పెట్టుకోవచ్చు. ఎన్ని నెలల తర్వాత పెట్టాలో జర్నల్ పాలసీలో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సైన్స్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ), బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) డబ్బుతో చేసిన పరిశోధనైతే అలా పెట్టాలని 2014 నుంచే వాళ్ల పాలసీ ఉంది. ఎవరూ పెట్టరు, అది వేరే విషయం. ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఆర్కైవ్ ఉండనే ఉంది. లోకమంతా చదువుతుంది, ఖర్చు లేదు.

సమయం అయిపోయిందని చీటీ పంపారు. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, నమ్మదగిన జర్నల్స్ ఇవీ అని యూజీసీ ఇచ్చే కేర్ లిస్ట్ తీసేశారు కదా. మరి ఏ జర్నల్ మంచిదో, ఏది మోసమో మేమెలా తెలుసుకోవాలి?

అవునమ్మా, 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఇప్పుడు ఆ బాధ్యత సంస్థల మీదే పెట్టారు. ఒక రకంగా మంచిదే, లిస్ట్ ఉంటే బుర్ర పెట్టరు. జర్నల్‌లో నిరుడు వచ్చిన పేపర్లు రెండు తీసి చదువు. నీ సబ్జెక్ట్‌వే కదా, నీకు తెలిసిపోతుంది. ఎడిటోరియల్ బోర్డ్‌లో ఉన్న ఒకరికి మెయిల్ పెట్టి మీరు నిజంగా ఉన్నారా అని అడుగు. ఓపెన్ యాక్సెస్ జర్నలైతే అలాంటి జర్నల్స్ డైరెక్టరీ డీఓఏజేలో ఉందో లేదో చూడు. ఫీజు ఎంతో వెబ్‌సైట్‌లో స్పష్టంగా లేకపోతే ఆ పేజీ అక్కడే మూసెయ్యి. నాలుగు రోజుల్లో రివ్యూ పూర్తి అంటే కూడా.

ప్రశ్న: చందా జర్నల్స్ పేపర్లని అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ సైట్ వాడటం తప్పా మేడమ్?

(నవ్వులు) ఈ ప్రశ్న రాకుండా నా ఏ ప్రసంగమూ ముగియలేదు. చట్టం సంగతి చెబుతాను. ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టులో కేసు వేశాయి. 2025 ఆగస్టులో ఆ సైట్‌ని మన దేశంలో బ్లాక్ చేయమని కోర్టు చెప్పింది. ప్రభుత్వోద్యోగం చేసిన లైబ్రేరియన్‌ని కాబట్టి నీకు అది వాడమని చెప్పలేను. నువ్వు ఆ పేపర్ రాసినవాళ్లకే ఒక మెయిల్ పెట్టు. చాలామంది ఆ రోజే పంపేస్తారు. తన పేపర్ ఎవరో చదవాలనుకుంటున్నారంటే సంతోషించని రచయిత లేడు.

ప్రశ్న: ఫీజు మాఫీ అడగొచ్చా? ఇండియా వాళ్లకి ఇస్తారా?

తప్పకుండా అడగాలి బాబూ. పేద దేశాలకి ఆటోమేటిక్‌గా ఇచ్చే మాఫీ జాబితాలు రీసెర్చ్ ఫర్ లైఫ్ అనే కార్యక్రమాన్ని బట్టి ఉంటాయి, అందులో మనం లేం. మన దేశం మొత్తం ఆదాయం పెద్దది, నీ ఫెలోషిప్ చిన్నది, వాళ్లకి మొదటిదే కనిపిస్తుంది. కానీ చాలా జర్నల్స్‌లో విడిగా అడిగితే పరిశీలించి పూర్తిగానో సగమో తగ్గించే ఏర్పాటు ఉంటుంది. పేపర్ పంపేటప్పుడే అడగాలి. అంగీకరించాక, ఇన్‌వాయిస్ వచ్చాక అడిగితే చాలాచోట్ల ఒప్పుకోరు. రెండు వాక్యాలు చాలు. ఈ పనికి ప్రత్యేకంగా గ్రాంట్ లేదు, మా సంస్థలో ప్రచురణ ఫీజుకి నిధి లేదు అని. గైడ్ సంతకంతో పంపండి. నమూనా ఉత్తరం లైబ్రరీలో రిఫరెన్స్ కౌంటర్ దగ్గర దొరుకుతుంది, రెండు నుంచి అయిదు మధ్యలో రండి. జీఎస్టీ ఫారం కూడా అక్కడే ఉంది, రెండూ ఒకేసారి తీసుకెళ్లండి.